పది అడుగులు

మైనస్ ముప్పై. ఇంజన్ దగ్గి దగ్గి లేచింది.
సస్కాచువాన్‌లో, కోత అయిపోయిన గోధుమ చేల మీద
నాలుగున్నరకే చీకటి.
డోరీన్ హ్రిత్సాక్, పంతొమ్మిదేళ్లుగా ఇదే పసుపు బస్సు,
అద్దంలోంచి నెత్తులు లెక్కపెట్టుకుంటుంది.

"కూర్చో, టావిష్. బస్సు ఆగాకే లేవాలి."
రోజూ ఇదే మాట. రోజూ లేస్తాడు.
సీటు వీపు మీద గోటితో గీస్తాడు,
ముందువాడి ఉన్ని టోపీ గుంజుతాడు.
ఇంటికి రాసిచ్చిన హెచ్చరిక కాగితం
విమానమై ఆమె చెవి పక్కనుంచే పోయింది ఒకసారి.

"దిగాక పది అడుగులు ముందుకు నడవండి.
నా కళ్లలోకి చూడండి.
నేను చెయ్యి ఊపితేనే దాటాలి."
చెప్పీ చెప్పీ అరిగిపోయాయి ఆ మాటలు,
మెట్టు మీది రబ్బరులాగా.

ఇవాళ ఎర్రదీపాలు వెలుగుతూనే ఉన్నాయి.
ఆపు పలక చాచే ఉంది.
ధాన్యం లారీ ఆగలేదు.

హారన్ మీద ఆమె అరచెయ్యి పడేలోపే
చిన్నది మేవ్ కోటు వెనకభాగం
ఒక పిడికిట్లో ఉంది.
టావిష్ పిడికిలి.
పెదాలు ఇంకా కదులుతున్నాయి వాడికి:
ఎనిమిది, తొమ్మిది.

లారీ లేపిన మంచుపొడి నేలకు దిగాక
చెల్లెల్ని వదలకుండానే
వాడు తలెత్తి ఆమె కళ్లలోకి చూశాడు.

ఊపడానికి చెయ్యి లేవలేదు, కాసేపు.