జిగట

ఆటోనగర్‌లో మా షెడ్డుకి కత్తి
నీళ్లే.
వెంట్రుకంత బెజ్జంలోంచి దూకి
రెండంగుళాల ఉక్కుని కోసుకుపోతాయి.
మా మావ నమ్మడు.
"నీళ్లతో ఇనుమా?
నా చెవిలో పువ్వు కనబడతందా?"

మావకి చెప్పనిదొకటుంది.
నాజిల్ దాటగానే ఆ నీళ్లు
బడి వదిలిన పిల్లల్లా చెదిరిపోతాయి.
గీత పైన సన్నం, అడుగున వెడల్పు.
రాజాన సింహాద్రి మేస్త్రీ మూలమట్టం ఆనించి
నాలుక చప్పరించి వెళ్లిపోతాడు.
ఆ చప్పుడు ఖరీదు ఒక ప్లేటు.

మార్చిలో తెల్లపొడి సంచీ దిగింది.
పాలీ అక్రిలమైడ్,
పలకడానికే రెండు దమ్ములు కావాలి.
వంద లీటర్లకి వంద గ్రాములు, అంతే.
డ్రిల్లుకి రెక్క బిగించి గిర్రున తిప్పాను.
గడ్డలు.
ఉడికిన చేప కళ్లలాంటి గడ్డలు.
ఫిల్టరు పూడిపోయి పంపు దగ్గింది.

"ఏటన్నా ఆ గిలకడం? మజ్జిగనుకున్నావేటి?"
మైలపల్లి నూకరత్నం, కొత్తగా చేరింది,
పెదజాలారిపేట పిల్ల.
కర్రతో నీళ్లని ఒక్క సుడి తిప్పి
ఉప్మా ఎసట్లో రవ్వ పోసినట్టు
వేళ్ల సందుల్లోంచి పొడి రాల్చింది.
మూత పెట్టి,
"రేపటిదాకా ముట్టకు" అంది.

పొద్దున్నకి తీగపాకం.
కర్ర ఎత్తితే
డ్రమ్ములోంచి కర్రదాకా నీటి దారం,
తెగడం ఇష్టంలేనట్టు వేలాడింది.
నూకరత్నం రెండు వేళ్లతో సాగదీసి వాసన చూసింది.
"కంపు నేదు గానీ
ఇది సేప ఒంటి మీది జిగటే.
అదుండబట్టే కదా నీళ్లు సేపని ఆపలేవు.
మాయమ్మకి బూడిద రాస్తే గానీ పట్టు దొరకదు."

కంపెనీవాళ్ల కాగితం నేను రెండుసార్లు చదివాను,
పొడుగు గొలుసుల అణువులు, బొమ్మలు.
అంత అర్థం కాలేదు.

పంపు వేశాం.
రోజూ పదిమంది తగువులా ఉండే అరుపు
ఆవేళ ఒకటే ఈల.
జెట్టు గాజుకడ్డీలా నిలబడింది.
సింహాద్రి మూలమట్టం పెట్టాడు, తీశాడు,
తిప్పి మళ్లీ పెట్టాడు.
చప్పరించలేదు.
"టీ చెప్పండెహె" అన్నాడు.

ఒక్క దూకుడుకే
గొలుసులన్నీ తునిగిపోతాయట.
తొట్టిలో పడేసరికి ఉత్త నీళ్లు.
మధ్యాహ్నం అడుగున ఎర్ర గార్నెట్ ఇసుక తోడుతూ
వేళ్లు రుద్ది చూశాను.
నిజమే. గరుకు తప్ప ఏమీ లేదు.
ఎందుకో కాసేపు తోడలేకపోయాను.

రాత్రి గాజువాక బస్సులో
కమ్మీ పట్టుకుంటే చెయ్యి జారింది.
డ్రమ్ము కడిగినప్పటి చుక్క
ముంజేతి దగ్గర మిగిలిపోయినట్టుంది,
ఏ ఉక్కు మీదికీ దూకనిది.

పక్కాయన నా వేళ్లకేసి చూసి
"సేపలు కోసొస్తన్నావేటి?" అన్నాడు.
"ఇనుము" అన్నాను.
నవ్వి
కొంచెం పక్కకి జరిగాడు.