గుంటలు

బూతు కుర్రాడు కేకేస్తే
సబ్బునురగ చేతులతోనే పరుగెత్తాను కోటవీధి మూలకి.
లాంజరోటె అనే లంక నుంచి ఎల్లాజీ.
స్పెయినోళ్ళదట, ఓడ రిపేరుకి ఆగిందట.
"ఇక్కడ ఎటు సూసినా గుంటలేనే!
ఒక్కో గుంటా ఎంత ముద్దుగుందనుకున్నావు!"

ఫోను పెట్టేశాను.
మా వైపు గుంటంటే ఆడపిల్ల.

నాలుగు నెలలకి దిగాడు.
నా మొహం చూసి, నవ్వి నవ్వి,
కంచంలో అన్నం చదును చేసి
బొటనవేలితో నొక్కాడు, అక్కడొకటి ఇక్కడొకటి.
ఒక్కో నొక్కులో ఒక్కో కరివేపాకు పెట్టాడు.
"ఇయ్యే గుంటలు. ఇదే ద్రాక్షతీగ."

మూడొందల ఏళ్ళకి కాస్త ఇటు
అక్కడ కొండ పగిలి ఆరేళ్ళు మండిందట.
పొలాల మీద మనిషి లోతు నల్లబూడిద.
ఊళ్ళోవాళ్ళు ఏడ్చి, ఏడుపాపి,
బూడిదని గుండ్రంగా తవ్వుకుంటూ దిగారట
కింద పాతమన్ను వేరుకి తగిలేదాకా.
ఏడాది మొత్తం వాన
మనకి తుఫాను ఒక్క రాత్రి పోసేదంత.
మిగిలిందంతా మంచే.
రాత్రి బూడిద తాగుతుంది,
పగలు వేరుకి పడుతుంది
చంటిదానికి ఉగ్గు పట్టినట్టు.
గాలి ఎప్పుడూ ఒకే దిక్కు నుంచి.
ఆ దిక్కున నల్లరాళ్ళు సగం చందమామలా పేర్చి వదిలేస్తారు,
సున్నం లేదు, సిమెంటు లేదు.
పందిరి కూడా లేదు. తీగ నేల మీదే పడుకుంటుంది.

"అంత తవ్వితే ఎన్ని కాయలు?"
"ఓ గంపెడు."
"గంపెడికా!"
"గంపెడికే" అన్నాడు,
పెళ్ళిచూపుల్లో కూడా అంత మెత్తగా మాట్లాడలేదు నాతో.

మర్నాడు డాబా ఊడుస్తుంటే చీపురు పట్టుకున్నాడు.
"నల్లదుమ్ము మనకీ ఉంది కదే."
ఉంది. పోర్టులో బొగ్గు దించిన ప్రతి పూటా ఉంది.
తీగ మీది తెల్లచీర మీద, పెరుగు మీది మీగడ మీద,
పిల్లల ముక్కుల్లో.
పాత డాల్డా డబ్బాల్లో ఎత్తాడు నెలన్నర.
పెరట్లో గుంట తీశాడు, గాజువాక నర్సరీ కొమ్మ నాటాడు,
సముద్రం వైపు విరిగిన బెంగుళూరు పెంకులు పేర్చాడు.

బొగ్గు వేరయ్యా, బూడిద వేరు, అన్నాను.
బూడిద కాలిపోయి ఊరుకుంది,
బొగ్గు ఇంకా కాలాలి.
వినలేదు. ఓడెక్కేశాడు.

ఆషాఢంలో గుంట నిండింది.
కప్ప ఒకటి కాపురం పెట్టింది.
ఆకులు పసుపై, అంచులు మాడి,
వేరు లాగితే చేతిలో జారింది, కుళ్ళిన వాసన.
ఆయన చూసొచ్చింది దాహం.
మనది తడి.

మా అమ్మమ్మ సింహాచలం వాలులో అనాస వేసేది.
నీళ్ళు నిలవకూడదే, దణ్ణం పెట్టి సాగిపోవాలి అనేది.
మధురవాడ నుంచి బస్సులో రెండు సంచుల ఎర్రమట్టి తెచ్చాను,
కండక్టరు సంచికో టికెట్టు కొట్టాడు.
గుంట పూడ్చి, మోకాలెత్తు దిబ్బ పోసి,
ఇంకో కొమ్మ గుచ్చాను.
పెంకుల గోడ మాత్రం తియ్యలేదు.
గాలి సంగతి ఆయన సరిగ్గానే చూశాడు.

రెండో ఏడు కాసింది.
గంపెడు కాదు, దోసెడు.
నోట్లో వేస్తే కన్ను మూసుకుపోయే పులుపు.
పక్కింటి సత్తెమ్మ ఉమ్మేసింది.
నేను పారెయ్యలేదు.
ఆయనొచ్చిన రోజు చింతపండు ముట్టుకోకుండా
ఆ కాయలే నలిపి వంజరం పులుసు పెట్టాను.

"పులుపెక్కడిదే?"
పెరటి వైపు గడ్డంతో చూపించాను.
"నా గుంటేదీ?"
"దిబ్బయింది."
చాలాసేపు చూశాడు అటే.
పెంకుల మీద నల్లటి దుమ్ము, దుమ్ము మీద తడి.
ఏమీ అనలేదు.
అన్నం చదును చేసి
మధ్యలో బొటనవేలితో లోతుగా నొక్కాడు,
పులుసు పొయ్యమని కంచం ముందుకు జరిపాడు.