పొడి పోత

ఏసుపాదం మేస్త్రి నవ్వాడు.
"నీళ్ళు కలపకుండా కాంక్రీటేంటి నూకరత్నం,
పొయ్యి మీద పొడిపిండి జల్లి
రొట్టైపో అన్నట్టుంది."

నవ్వనీ.
ఇరవయ్యారేళ్ళు అతని వెనకాలే తట్ట మోశాను.
రావులపాలెం నించి రాజోలు దాకా
ఎన్ని శ్లాబులు నా నెత్తి మీదుగా పైకెళ్ళాయో
ఆ ఇళ్ళవాళ్ళకి తెలీదు, నా మెడకి తెలుసు.
మాలు కలిపేది మగాళ్ళు.
నున్నగా తాపీ తిప్పేదీ వాళ్ళే.
శ్లాబు రోజున మేస్త్రికి పంచె పెడతారు,
మాకు పులిహోర పొట్లం.
ఆడకూలి అంటే
కంకర గుట్టకీ నిచ్చెనకీ మధ్య నడిచే చుట్టకుదురు.

ఇప్పుడు నాకు కావలసింది
బోరింగు పక్కన నాలుగడుగులకి మూడడుగుల గచ్చు.
అంతే.
స్నానం చేసి లేచిన కాలు
మళ్ళీ బురదలో పెట్టకుండా ఉండేంత.
మాలు కలిపాక అది మనిషిని తరుముతుంది,
బిగుసుకుపోతున్నా రా రా అంటుంది.
నా కుడి భుజం ఆ పరుగు మానేసి రెండేళ్ళయింది.
పొడి అలా కాదు.
మధ్యలో కూచోవచ్చు, టీ తాగొచ్చు.

ఇసుక గోదారిది, పట్టిన తడి వదలదు.
వడ్లు ఆరబోసినట్టు పట్టా మీద ఆరబోశాను,
రెండ్రోజులు, కాలితో తిరగేస్తూ.
సిమెంటు ఒకటి, ఇసుక రెండు, చిప్సు మూడు.
లెక్క ఎవరూ చెప్పలేదు,
ఏ తట్ట ఎంత బరువో నడినెత్తిన రాసుంది.
చుట్టూ కొబ్బరిదూలం చెక్కలు, ఎనిమిది మేకులు.
కింద కవరు పరవలేదు.
మా దగ్గర మూరెడు తవ్వితే నేలకే చెమట పడుతుంది,
ఆ చెమ్మా పనికొస్తుందని.

పోశాను. బద్దతో లాగాను.
జల్లించిన పిండిలా కుదురుకుంది,
ఊదితే లేచిపోయేలా.

ఇక నీళ్ళు.
ధారగా పోస్తే గుంటలు పడతాయి.
చేలో మందు కొట్టే పంపు ఎరువడిగి తెచ్చి
మూడుసార్లు కడిగాను, వాసన పోలేదు.
దాన్ని గోడకి ఆనించేసి
చెయ్యి బకెట్లో ముంచాను.

కళ్ళాపి.
ఏడో ఏట నించి ప్రతి తెల్లారీ
దుమ్ము లేవకుండా నేల తడిపిన చెయ్యి ఇది.
వేళ్ళ కొసల్తో చినుకుని చీల్చి చీల్చి విసిరాను.
తెల్లటి బూడిద చుక్కలు చుక్కలుగా నల్లబడింది.
ఆగాను. మళ్ళీ జల్లాను.
పొద్దు వాలేదాకా ఆరుసార్లు.
ఆఖర్న చెంబు వంచినా గుంట పడలేదు,
గుటకలేస్తున్న చప్పుడు మాత్రం వినిపించింది,
లేదా విన్నాననుకున్నాను.

రాత్రి సముద్రం వైపు నించి జల్లు.
పాత చీరా కొబ్బరిమట్టలూ కప్పేలోగా
ఒక బాతు అడ్డంగా నడిచిపోయింది.
మూడు పాదాలు, నాలుగోది సగం.

ఏడో రోజు మేస్త్రి వచ్చాడు.
తాపీ పిడితో కొట్టి చూశాడు.
నడుమ ఖంగుమంది.
అంచులూ ఖంగుమన్నాయి.
పడమటి మూల మాత్రం తడిసిన డప్పులా బొద్దుగా.
"ఇక్కడ పొడే ఉండిపోయింది, నీరు దిగలేదు.
లారీ ఎక్కించకేం!"
మళ్ళీ నవ్వాడు. ఈసారి నేనూ.
వెళ్ళబోతూ చెప్పులు విడిచి
గచ్చు మీద కాసేపు నుంచున్నాడు.
ఎందుకని అడగలేదు.

మర్నాడు దాని మీదే కూచుని తలంటుకున్నాను.
కుంకుడు నురగ బాతుపాదాల్లో కాసేపు నిలిచి
మెల్లగా కాలవ దారి పట్టింది.
లేచి చూస్తే
అంతా తడిగా ఉంది, పడమటి మూల తప్ప.
ఆరిపోయిందనుకున్నాను.
కాదు, ఇంకా తాగుతోంది.
జుట్టు పిండుకుంటూ
ఇంకో చెంబు అక్కడ వంచాను.