చూసినవాళ్లు ఇరవై ఆరు

రాత్రి తొమ్మిదయ్యాక
పొయ్యిలో బూడిద ఎత్తిపోసి
నా తరగతిని మళ్లీ ఒకసారి విప్పుకుంటాను, ఫోన్‌లో.
దలన్‌జద్గాద్ ఊళ్లో ఈ వేళకి
రోడ్డు మీద నడిచేది గాలి ఒక్కటే.

ముందు తలలు లెక్కపెడతాను.
ఏ ఒక్క బిడ్డ ఫొటోలో లేకపోయినా
తెల్లారేలోగా సంజాయిషీ రాసుకోవాలి.
ముక్కు కారుతున్నది తీసేస్తాను.
కొరికినవాడూ కొరికించుకున్నవాడూ
పక్కపక్కన పాలు తాగుతున్నది ఉంచుతాను.
"ఒంటె పిల్లలు" మా గ్రూపు పేరు.
అందులో పడేసి దీపం ఆర్పుతాను.

దుల్మా అవ్వకి చదువు రాదు.
ఏది పెట్టినా పుట్టినరోజు కేకు బొమ్మ పంపుతుంది.
జ్వరాలు తిరుగుతున్నాయి, పిల్లల్ని పంపకండి అని రాసినా
కేకే.

చూసినవాళ్లు ఇరవై ఆరు.
ఉన్నది ఇరవై ఏడు.

సొలొంగో వాళ్ల నాన్న లోదోయ్
బొగ్గు లారీతో సరిహద్దు దగ్గర వరసలో ఉంటాడు.
లారీ వెనక లారీ, లారీ వెనక లారీ,
ముందుది జానెడు జరిగితే వెనకది జానెడు.
సిగ్నల్ కావాలంటే గుట్ట ఎక్కాలి.
ఎక్కితే ఒక గీత వస్తుందట,
గాలి తిరిగితే అదీ పోతుందట.

తొమ్మిది రోజులు లెక్క ఇరవై ఆరు దగ్గరే ఆగింది.
పదో రాత్రి మూడింటికి
దిండు కింద ఫోను కోడిపిల్లలా కొట్టుకుంది.
తొమ్మిది రోజుల ఫొటోలకీ
వరసపెట్టి ఎర్ర గుండెలు.
తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత అందరిలోనే ఒక ప్రశ్న:
"బగ్షా, మా పాపకి బూట్లు ఎవరు తొడుగుతున్నారు?"

టీచర్ని ఇక్కడ బగ్షా అంటారు.
ఆ పిలుపుకి లేచి కూర్చుని, వెనక్కి తిప్పాను.

హీటరు పాడై, పది రోజులుగా
లోపల కూడా బూట్లు విప్పనివ్వడం లేదు నేను.
సొలొంగో బూట్ల మీద చెరో ఎలుగుబంటి.
సరిగ్గా తొడిగితే ఎదురెదురు చూసుకుంటాయి.
పాటలో, బంకమట్టిలో, అన్నం బల్ల కింద
తొమ్మిది రోజులూ అవి
అలిగిన తోడికోడళ్లలా చెరో పక్కకి తిరిగి ఉన్నాయి.

నేను తలలు లెక్కపెట్టాను.
ఆయన పాదాలు చూశాడు.

ఎవరు తొడుగుతున్నారో నాకు తెలుసు.
పొద్దున చీకట్లో చెల్లెలి వేలు పట్టుకుని వచ్చేది బిలెగ్.
ఎనిమిదేళ్లు.
వాడి కోటు గుండీలు కూడా ఒకటి ఎగువకి, ఒకటి దిగువకి.
తల్లి సర్నై నెల నుంచి ఆసుపత్రిలో నైట్ డ్యూటీ,
లారీ వాయిదాల కోసం.
ఆయనకి చెప్పొద్దు బగ్షా, అని నా చేయి పట్టుకుంది.

గ్రూపులో రాయబోయాను, చెరిపాను.
అంత రాత్రప్పుడు కూడా ముగ్గురు చూశారు ఆ ప్రశ్నని.
దుల్మా అవ్వ కేకు.
ఆయన పేరు మీద నొక్కి, విడిగా రాశాను:
"పిల్లాడు తొందరలో తొడిగేస్తున్నాడు, రేపటి నుంచి నేను చూస్తాను."

పంపాక గానీ చూసుకోలేదు.
పిల్లాడు.
దాచమన్నదంతా ఆ ఒక్క మాటలో పడి వెళ్లిపోయింది.

పచ్చ చుక్క వెలుగుతూ ఉంది.
రాస్తున్నాడు అని చూపించింది, ఆగింది,
మళ్లీ రాస్తున్నాడు అంది.
చివరికి: "ఎడమ దానికి ఎర్ర దారం కట్టండి. వాడికి ఎరుపు ఇష్టం."
చుక్క ఆరిపోయింది.

పొద్దున దారం నేను కట్టలేదు.
బిలెగ్ చేతికిచ్చాను.
నాలుక బయటపెట్టి, ముడి మీద ముడి వేసి,
బడికి ఆలస్యమైపోయి పరిగెత్తాడు.

ఆ రాత్రి ఒక్క ఫొటోనే పెట్టాను.
ముఖం లేదు.
ఎదురెదురు రెండు ఎలుగుబంట్లు,
ఓ మూల దారం లాగుతున్న మూడు వేళ్లు, మసగ్గా.
ఇవి ఎవరి కాళ్లు అన్నారు,
మా వాడేడీ అన్నారు,
సర్నై ఏమీ అనలేదు, చూసింది.
అవ్వ కేకు ఈసారి మాత్రం సరైన చోట పడింది.

చూసినవాళ్లు ఇరవై ఆరు.
ఫోను దిండు కింద పెట్టలేదు.
పైనే పెట్టుకుని పడుకున్నాను.