ముందు సీటు

సోహార్ నుంచి మస్కట్ దాకా
రెండున్నర గంటల ఆఫీసు నాది.
నాలుగు చక్రాలు, ఒక ఏసీ,
వెనక సీట్లో కురియన్ సారు,
ఆయన ఒళ్లో లాప్‌టాప్,
దాని మొహానికి నల్లటి పొర.
పక్కనుంచి చూస్తే ఏమీ కనపడదు.
ఆ పొర ఆరు రియాళ్లు.
నేనే కొనుక్కొచ్చి బిల్లు ఇచ్చాను.

పోయిన నెల అందరికీ క్లాసు పెట్టారు.
హోటల్ వైఫై వాడొద్దు,
పాస్‌వర్డ్‌కి పద్నాలుగు అక్షరాలుండాలి,
కాగితం పారేస్తే పేలికలై పోవాలి.
డ్రైవర్లను పిలవలేదు.
గోడ నీడలో నిలబడి మేం
సమోసాల డబ్బాలు లోపలికి అందించాం.

సారు మాత్రం బండెక్కగానే
ఫోను స్పీకర్లో పెడతాడు.
సహమ్ దాటేలోగా సిమెంటు రేటు,
ఖాబూరా దగ్గర కూలీల లెక్క,
సువైక్‌లో, ఇంకెంత దిగొచ్చు అనే బేరం,
బర్కా రౌండబౌటు తిరుగుతుండగా
మొత్తం.
ఈ దేశంలో రియాలు వెనక మూడంకెలు.
బైసాలతో సహా చదివి వినిపిస్తాడు.
నాకు ఇంగ్లీషు రాదనుకుంటాడు.
అంకెలకు ఇంగ్లీషెందుకు?

మా తాత సుంకరి.
పట్వారి దస్తరం ఎర్రగుడ్డలో కట్టి నెత్తినెత్తుకొని
సుల్తానాబాద్ దాకా నడిచేవాడట.
ఎవరి చెలక ఎవరి పేరు మీదికెక్కిందో
ఊరి జుట్టంతా ఆ మూటలోనే.
చదువు రాదు గనకే నమ్మారని మా నాయన అనేవాడు.
తాత ఇంకోలా అనేవాడు:
"బరువు మోసెటోనికి
లోపల ఏమున్నదో తెల్వదా బిడ్డా."

మొన్న బర్కాలో, కరక్ చాయ్ దుకాణం దగ్గర
రాజలింగు కలిశాడు.
ఇంకో కంపెనీ బండి వాడిది, మా పక్క మండలమే.
చాయ్ పైసలు వాడే ఇచ్చాడు.
అప్పుడే అనుమానం వచ్చింది.
"ఓదెలూ, పేరొద్దు, కాయితమొద్దు.
ఒక్క అంకె.
ఆఖరికి ఎంతకు ఏస్తున్రు?
మా సారు మూడు వందల రియాళ్లు ఇస్తనంటుండు."

మూడు వందలు.
నా రెండు నెలల జీతం కన్నా ఎక్కువ.
అదీ రెండు నెలల నుంచి రాని జీతం.
ఆ సంగతి వాడికి తెలిసే అడిగాడు.
అంకె నాలుక కొసకొచ్చి కూచుంది.
చాయ్‌తో పాటు మింగాను. నోరు కాలింది.
"మా సారు మలయాళంల మాట్లాడ్తడే" అన్నాను.
వాడు నవ్వాడు. నమ్మలేదు.

సారు మీద ప్రేమ అనుకోకండి.
టెండరు పోతే ముందు తీసేది డ్రైవర్లనే.
అదీ పూర్తి నిజం కాదు.
ఎందుకో ఆ పూట
నెత్తి మీద బరువు తగిలింది.

నిన్న బండి లీజు తీరింది.
గాలాలో కిరాయి కంపెనీ యార్డు.
తాళాలు ఇచ్చేముందు తెర నొక్కి చూశాను.
సారు ఫోను పుస్తకమంతా అందులోనే.
టెండరు ఆఫీసు ఇంజినీరు, బ్యాంకు మేనేజరు,
కొచ్చిలో గుండె డాక్టరు,
ఎవరితో ఎన్ని నిమిషాలు, ఏ రాత్రి.
రేపు ఈ బండి ఎవడెక్కితే వాడివే అన్నీ.
క్లాసులో ఈ ముక్క చెప్పారో లేదో,
సమోసాల దగ్గరికైతే వినపడలేదు.

తుడిచేయాలా అని తెర అడిగింది.
అవును.
నిజంగానా అని మళ్లీ అడిగింది.
అవును తల్లీ.

కింద ఇంకో పేరు మిగిలింది. ఓదెలు.
రాత్రుళ్లు పార్కింగులో సారు కోసం కాచుకుంటూ
మా ఆమె పంపిన మాటలు
ఈ స్పీకర్లలోనే వినేవాణ్ణి.
"చిట్టి పాట నలభైకి పాడిన.
మీ అన్నకు చెప్పకు, ఎవ్వలికీ చెప్పకు."
దాన్నీ తుడిచాను.

కొత్త బండి తెల్లది.
సీట్ల మీద ప్లాస్టిక్ ఇంకా తీయలేదు,
కదిలితే చప్పుడు.
సారు ఫోను జత చేశాడు.
"ఓదెలూ, ఏసీ పెంచు" అన్నాడు.
స్పీకర్ నొక్కాడు.
సహమ్ ఇంకా రాలేదు.
అద్దంలో నాకు ఆయన మొహం కనపడుతోంది.
ఆయనకు నా మెడ.