హాజరు పట్టీ

తాళం రెండో మెట్టు దాకా తిప్పి ఆపమ్మా,
స్టార్టు చెయ్యొద్దు, అన్నాను.
నీలాంగరైలో పొద్దున తొమ్మిది.
గేటు ఇనుములో కూడా ఉప్పు.
రెండు తలుపుల ఎర్ర కారు
చాపలా నేలకు పరుచుకుని ఉంది.
అందులో కూర్చోవడానికి నా మోకాళ్ళు ఒప్పుకోలేదు,
తలుపు పక్కన గొంతుక్కూర్చున్నా.
లోపల వకుళమ్మ. కంటాసుపత్రిలో
అద్దాల నంబర్లు చూసే పిల్ల.
ఆరేళ్ళు చీటీలు కట్టి దాచిన డబ్బు.
సీటు బెల్టు సర్దుకున్న తీరులోనే తెలిసింది,
మనసులో ఎప్పుడో కొనేసిందని.

దీపాలు లేచాయి.
ఎర్రగా నూనె చెంబు. ఎర్రగా బ్యాటరీ.
ఒళ్ళో బంతి పెట్టుకున్న మనిషి.
మా గూడూరు బడిలో హాజరు పిలిచినట్టే:
పేరు వినబడగానే లేచి
‘ఉన్నానయ్యోరా’ అని కూర్చోవాలి.
కొందరు మొండోళ్ళు, ఇంజను తిరిగేదాకా
నిలబడే ఉంటారు. అదీ పద్ధతే.
వెలిగితే భయపడకమ్మా.
వెలగాలి. వెలిగి ఆరాలి.

వేళ్ళు మడిచి లెక్కపెట్టాను.
ఒకటి తక్కువ.
పసుప్పచ్చ ఇంజను బొమ్మ
లేవలేదు, పలకలేదు.
మళ్ళీ తిప్పమన్నా. మళ్ళీ.
“స్టార్టు చేసి చూడండి,
ఒక్క లైటు మిగిలితే అడగండి” అన్నాడు
ఓనరు నటేశన్, కాఫీ గ్లాసులు తెస్తూ.
మిగలదు నిజమే.

ఇరవయ్యారేళ్ళుగా పుదుపేటలో
ఇదే పని నాకు.
నాలుగు మరలు, రెండు క్లిప్పులు.
మీటర్ల పలక
కట్టుడు పళ్ళ సెట్టులా చేతిలోకి ఊడొచ్చింది.
వెనక నల్ల టేపు, చిటికెన గోరంత.
ఒక మూల లోపలికి మడిచి ఉంది,
రేపెవరైనా పీకాల్సొస్తే గోటికి దొరకాలని.

అలా మడిచేది నేను.
పుదుపేట మొత్తంలో నేనొక్కణ్ణే.
ఎంత తిట్టినా నా కుర్రాళ్ళకు అబ్బలేదు.

వీధిలో మోకాలి లోతు నీళ్ళున్న రోజది.
బ్రోకరు సెల్వం తువ్వాల్లో చుట్టి
పలక ఒక్కటే తెచ్చాడు. కారు లేదు.
కారు లేకపోతే
కారెక్కే మనిషీ లేడనుకున్నాను.
దీపం వరకే నా పని. మూడొందలు.
ఆ మూడొందలతో ఏం కొన్నానో
ఎంత తవ్వినా తట్టడం లేదు.
బియ్యమైతే బియ్యమని చెప్పుకునేవాణ్ణి.

“ఏమైంది పెంచలయ్యా, చెయ్యి ఆగిపోయింది?”
టేపు పీకాను. హాయిగా వచ్చేసింది, నా పని కదా.
పలక బిగించి, ఇప్పుడు స్టార్టు చెయ్యమ్మా అన్నాను.
అంత అందమైన గొంతు
ఈ మధ్య వినలేదు, అబద్ధమెందుకు.
అందరూ కూర్చున్నారు.
వెనక బెంచీ పసుప్పచ్చ పిల్లోడు మాత్రం
రెండేళ్ళ గైర్హాజరు తర్వాత
లేచి నిలబడ్డాడు. ఇక కూర్చోనంటాడు.

“ఏదో సెన్సారులెండి” అన్నాడు నటేశన్.
అందరూ అదే అంటారు.
గిరాకీని బట్టి నేనూ అంటాను.
“దాన్ని మూసిందెవరు?” అడిగింది వకుళమ్మ.
“పని తెలిసినవాడే” అన్నాను.
“తెలిసే చేశాడన్నమాట” అంది,
నా వైపు కాదు, మీటర్ల వైపు చూస్తూ.
తాళం తిరిగిచ్చేసింది.
స్టీరింగు మీంచి చెయ్యి తీయడానికే
కాస్త సేపు పట్టింది.

తిరువాన్మియూరు బస్సు కోసం ఎండలో నిలబడ్డాం.
ఐదొందల నోటు చేతిలో పెట్టింది.
మూడొందలు వెనక్కిచ్చాను.
లెక్క తప్పావు పెంచలయ్యా, అంది.
బస్సొచ్చింది.

టేపు ముక్క చొక్కా జేబులో
లోపలివైపు అంటుకుపోయింది.
రెండు ఉతుకులయ్యాయి.
మడిచిన మూల
ఇప్పటికీ గోటికి దొరుకుతోంది.