గుర్తు తెలియని గొంతు

పార్సిలొచ్చింది.
రామగిరి పోస్టాఫీసు నుంచి నడిచి తెచ్చుకున్న,
చంకల పెడితే ఒంగుతదేమోనని
పళ్లెం లెక్క రెండు చేతుల మీద.

పెద్ద నల్ల రికార్డు. అట్ట మీద యాదగిరి.
భుజాల దాక జుట్టు, మోకాళ్ల కాడ గిటారు,
మెడల మా హాస్టల్ దోమతెర చింపి కట్టిన గుడ్డ.
ఎనభై ఆరుల మూడొందల కేసెట్లు చేయించిండు.
గడియారం సెంటర్ల నలభై అమ్ముడువోయినయి.
మిగిలినయి దుకాణపాయన
ఖవ్వాలీలు ఎక్కించి అమ్ముకున్నడు.
ఇప్పుడిది రెండువేల నాలుగొందలు.
రీమాస్టరంట. అంటే కడిగిన్రంట.

అది స్టూడియోల చేసింది కాదు.
మిషన్ దవాఖాన దుప్పట్ల గదిల.
గోడలకు గొంగళ్లు, కిటికీకి రబ్బరు షీటు,
మైకును సెలైన్ స్టాండుకు ప్లాస్టరేసి కట్టిన్రు.
తాళంచెవి నా దగ్గరుండె. నైట్ డ్యూటీ నాదే.
అంతకు మించి ఏం లేదు. అందరడుగుతరు. లేదు.

సికింద్రాబాదుల బ్యాండు విడిపోయినంక
"నలుగురి పాట ఒక్కణ్నే పాడుత" అనుకుంట
చివరి బస్సు దిగిండు.
డ్రమ్ముల్లేవు, ఎనామిల్ బేసిన్లు బోర్లించిండు.
ఎడమ చిటికెనవేలు ముడుచుకపోయి ఉండేది,
మా దిక్కు బోరునీళ్లు తాగి పెరిగిన వేలు.
ఆ ఒక్క తీగ ఎన్నడు సక్కగ ఒత్తబడలే.
పేపరోళ్లు ఇప్పుడు దాన్ని శైలి అంటున్నరు.

నాలుగో పాట నడుమ కరెంటొచ్చింది.
రాత్రి రెండింటికి, త్రీ ఫేజు.
వెనక మోటరు గుర్రుమని ఎత్తుకున్నది.
యాదగిరి ఆగలే.
దాని శ్రుతి దొరికే దాక గొంతు దించుకుంట పోయిండు,
దొరికినంక అక్కడ్నే నిలబడ్డడు.

తర్వాత మిర్యాలగూడల, రైసుమిల్లు కాంటా కాడ
ఇరవై ఏండ్లు లారీల బరువు మైకుల చదివిండు,
అదే గొంతుతోటి.
పోయి తొమ్మిదేండ్లు.

సెల్‌ఫోన్ దుకాణం అబ్రార్
ఎక్కడ్నుంచో ప్లేయర్ తెచ్చి సూది పెట్టిండు.
మోటరు లేదు.
తుడిచేసిన్రు. గాజు తీర్గ ఉన్నది పాట.
గొంతు మాత్రం కిందికి దిగుతున్నది,
మెట్లు తీసేసిన ఇంట్ల
అలవాటుగ కాలు కిందికి చాపినట్టు.
"మస్తు క్లియరుంది కద మేడం" అన్నడు అబ్రార్.

పాట అయిపోయింది. సూది ఇంక నడుస్తనే ఉన్నది.
అప్పుడు,
"ఆగురా జర, ఏడో బెడ్డోళ్లు పిలుస్తున్నరు."

నా గొంతు.
ఇరవై రెండేండ్లది. సన్నగ, కోపంగ.
చెప్పుల చప్పుడు. తలుపు.
వెనక యాదగిరి నవ్వు, కొంచెం.

లోపలి కాగితం తీసి, అద్దాలు పెట్టుకోని చదివిన.
పాట, గిటారు, బేసిన్లు: యాదగిరి.
నాలుగో పాట చివర: గుర్తు తెలియని స్త్రీ.

గుర్తు తెలియని.
చిట్యాల కాడ హైవే మీద గుద్దిపోయిన వాహనం లెక్క.
మార్చురీ రిజిస్టర్ల నా చేతితోటే ఎన్నిసార్లు రాసిన్నో,
గుర్తు తెలియని, వయసు సుమారు నలభై,
ఒంటి మీద నీలం చీర.
కింద సంతకం మాత్రం గుర్తు తెలిసినదే:
పి. కరుణమ్మ, స్టాఫ్ నర్సు.

అబ్రార్ పెన్ను అడిగి తీసుకున్న.
మోటరు: దవాఖానది, అయిదు హార్స్‌పవర్.
ఏడో బెడ్డు: చండూరు ఈరమ్మ. నీళ్లడిగింది. ఇచ్చిన.
నా పేరు కాడికొచ్చేసరికి జాగ లేదు.
అట్ట వెనక, ధర మీద రాసిన.

"ఇంకోపాలి పెట్టాల్నా?" అన్నడు.
నాలుగోది పెట్టుమన్న.
కరెంటొచ్చే చోటు నాకెరికే.
నోరు మూసుకోని, ముక్కుల నుంచి
మోటరు వంతు అందుకున్న,
వాడు దిగే దాక.